మీ తాత పట్వారీయేనా? సింగరేణి ప్రాంతంలో గ్రామాధికారుల కుటుంబ చరిత్ర రాసుకోవడం ఎలా

"మా ముత్తాత పట్వారీ అండీ, చుట్టూ పది ఊళ్లకు ఆయన మాటే మాట." ఇల్లెందు నుంచి బెల్లంపల్లి దాకా బొగ్గు ఊళ్ల చుట్టుపక్కల ఈ మాట చెప్పే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ పది ఊళ్లు ఏవి, ఆ పదవి ఆయనకు ఎవరి నుంచి వచ్చింది, ఏ సంవత్సరంలో వచ్చింది అని అడిగితే మాత్రం అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మీ ఇంట్లోనూ ఇదే పరిస్థితి అయితే కింద చెప్పిన వరసలో వెళ్లి చూడండి.

ముందే ఒక మాట. వంశవృక్షం గీయడంతో మొదలుపెట్టకండి, పదవి వెంట పడండి. హైదరాబాద్ రాజ్యంలో 1881 నుంచీ జనాభా లెక్కలు జరిగాయి కానీ, ఇంటింటి పేర్లు రాసిన ఫారాలు మనకు చూడటానికి దొరకవు. అందుకే 1900 ప్రాంతంలో బతికిన మామూలు రైతు పేరు కాగితం మీద కనబడటం చాలా కష్టం. పటేల్, పట్వారీ సంగతి వేరు. వాళ్లలో ఒకరు చనిపోయి పదవి ఇంకొకరికి వెళ్లిన ప్రతిసారీ సర్కారులో ఫైలు కదిలింది. ఆ ఫైల్లో తండ్రి పేరు, కొడుకుల పేర్లు, అభ్యంతరం చెప్పిన పాలోళ్ల (దాయాదుల) పేర్లు అన్నీ ఉంటాయి. కుటుంబం దొరికేది అక్కడే.

ఏ పదవో తేల్చుకోండి

నిజాం కాలం ఊళ్లో పై అధికారులు ముగ్గురు. శిస్తు వసూలు చేసేది మాలీ పటేల్. దొంగతనాలు, తగాదాలు, చావు పుట్టుకల కబురు పైకి పంపేది పోలీస్ పటేల్. పాత కాగితాల్లో ఇతన్నే కొత్వాలీ పటేల్ అని రాస్తారు. లెక్కలు రాసేది పట్వారీ. వీళ్ల కింద ఊరి పనులు చేసే మస్కూరి, సేత్ సింధి, చెరువు నీళ్లు చూసే నీరటి. వీళ్ల పైన, పరగణా (కొన్ని ఊళ్లు కలిసిన ప్రాంతం) స్థాయిలో, దేశ్‌ముఖ్, దేశ్‌పాండేలు. మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ చేసి, అంటే రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టి, తాలూక్‌దార్లను, తహసీల్దార్లను పెట్టాక దేశ్‌ముఖుల వసూలు అధికారం పోయింది, రుసుం మాత్రం మిగిలింది. కాబట్టి "మా వాళ్లు దేశ్‌ముఖులు" అన్నా, "మా వాళ్లు పటేళ్లు" అన్నా వెతకాల్సిన కాగితాలు ఒకటి కావు.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త. మొదటిది, తెలంగాణ పల్లెల్లో నాలుగెకరాలు ఎక్కువున్న ప్రతి ఆసామినీ "పటేలా" అని పిలిచేవారు. ఆ పిలుపు పదవికి సాక్ష్యం కాదు. రెండోది ఇంకా ముఖ్యం. పదవి మీద వంశపారంపర్య హక్కు ఉన్నవాడు వతన్‌దారు. ఆయన తరఫున పని చేసేవాడు గుమాస్తా. ఒక వతన్‌దారు పేరు మీద అయిదారు ఊళ్లుంటే అన్నిచోట్లా తనే కూర్చోలేడు కదా. మీ తాత రోజూ చావడిలో కూర్చుని లెక్కలు రాశాడంటే వతన్ ఆయనదే అనుకోవద్దు. ఆయన గుమాస్తా అయితే విరాసత్ ఫైలు, అంటే పదవి వారసత్వం తేల్చిన ఫైలు, ఇంకో ఇంటి పేరు మీద ఉంటుంది. మీ ఇంటి పేరుతో వెతికినంతకాలం ఏమీ దొరకదు.

ఊరు అప్పట్లో ఎవరి కింద ఉండేది?

బొగ్గు జిల్లాల హద్దులు మారినన్ని సార్లు మరెక్కడా మారలేదేమో అనిపిస్తుంది. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులొచ్చాయి, 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ రోజుల్లో ఇల్లెందు ఉన్నది వరంగల్ జిల్లాలో. 1953లో ఖమ్మం జిల్లాలోకి, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. బెల్లంపల్లి, మందమర్రి పాత కాగితాలు ఆసిఫాబాద్, ఆదిలాబాద్ పేర్ల కింద ఉంటాయి. ఇప్పుడు అవి మంచిర్యాల జిల్లా. గోదావరిఖని వైపు ఊళ్లు ఒకప్పుడు కరీంనగర్, ఇప్పుడు పెద్దపల్లి. ఒక చిన్న పుస్తకంలో మీ ఊరికి ఇలా వరసగా తాలూకా, జిల్లా, ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు అని రాసి పెట్టుకోండి. ప్రతి దరఖాస్తులో అది కావాలి.

భద్రాచలం దగ్గర గోదావరి దాటితే కథ మొత్తం మారిపోతుంది. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఏటికి ఇవతల పటేల్, పట్వారీ. అవతల మునసబు, కరణం. ఇవతల నిజాం పద్ధతి లెక్కలు, ఉర్దూ. అవతల మద్రాసు పద్ధతి లెక్కలు, తెలుగు, ఇంగ్లీషు. వియ్యాలు మాత్రం ఏరు చూసి ఆగలేదు. నానమ్మ పుట్టిల్లు అవతలి ఒడ్డున ఉంటే ఆ సగం చరిత్ర కోసం మద్రాసు పద్ధతి రికార్డులే చూడాలి.

ఊరు జాగీరుదా, పాల్వంచ లాంటి సంస్థానం కిందిదా అన్నదీ అడిగి తెలుసుకోండి. 1949లో జాగీర్ల రద్దు అయ్యేదాకా అలాంటి ఊళ్ల లెక్కలు సర్కారు దగ్గర కాక జాగీర్దారు కచేరీలో ఉండేవి. సర్కారీ ఊరికి, అంటే ఖాల్సా ఊరికి, దొరికినన్ని కాగితాలు వీటికి దొరకవు. ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది.

పెద్దవాళ్లను ఏమడగాలి

"మన వంశం గురించి చెప్పండి" అంటే గొప్పలు చెబుతారు. చిన్న చిన్న ప్రశ్నలు వేయండి. దఫ్తరం (లెక్కల కాగితాల కట్ట) ఇంట్లో ఏ గదిలో ఉండేది? ఏ రంగు బట్టలో కట్టేవారు? జమాబందీకి (ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీకి) ఏ ఊరు వెళ్లేవారు, బండి ఎవరు తోలేవారు? ఉర్దూ చదవడం తాతకు ఎవరు నేర్పారు? తహసీల్దారు వస్తే వంట ఎవరింట్లో? దస్కత్ తాత పెట్టేవారా, గుమాస్తానా? ఇలాంటి వాటికి జవాబు చెబుతూ పెద్దవాళ్లు తమకు తెలియకుండానే పేర్లు, ఊళ్లు, చుట్టరికాలు బయట పెడతారు. ఫోన్‌లో రికార్డు చేయండి, కానీ ముందు చెప్పి చేయండి.

ఆడవాళ్లను వదలొద్దు. ఎవరి పెళ్లి ఏ కరువు ఏట జరిగింది, ఎవరిని ఎవరికి దత్తత ఇచ్చారు అన్నది మేనత్తలకు, పెద్దమ్మలకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఇంకొక గడప కూడా తొక్కాలి. అదే ఊళ్లో మస్కూరి, నీరటి పని చేసిన కుటుంబాల దగ్గరకు వెళ్లండి. పటేల్ ఇంట్లో దాచిన మాట అక్కడ దొరుకుతుంది: వెట్టి ఎలా చేయించుకున్నారు, ఎవరి పొలం ఎలా చేతులు మారింది. వినడానికి ఇబ్బందిగా ఉన్నా రాసుకోండి.

పెట్టెలో కాగితాలు, వాటి మీద తేదీలు

పాత కాగితం కనబడగానే లామినేషన్‌కు తీసుకెళ్లకండి. అంతకంటే కాగితానికి చేసే ద్రోహం ఇంకోటి లేదు. సెల్లోటేప్ దాని తమ్ముడు. పగటి వెలుతురులో, నీడపట్టున, రెండు వైపులా ఫొటోలు తీయండి. ఖాళీగా కనిపించే వెనుక వైపు ముద్రలు, ఆవక్ జావక్ (వచ్చిన, పంపిన కాగితాల) నంబర్లు ఉంటాయి. ఆ నంబరే రేపు ఆర్కైవ్స్‌లో ఫైలు వెతకడానికి పనికొస్తుంది. కట్ట విప్పేముందు ఏ కాగితం తర్వాత ఏది ఉందో కూడా ఫొటో తీసుకోండి.

చాలావరకు ఉర్దూ ఉంటుంది, అదీ గొలుసుకట్టు షికస్తా రాత. ఆసిఫాబాద్ వైపు మరాఠీ, దాని పాత గొలుసుకట్టు రాత అయిన మోడీ లిపి కూడా తగలొచ్చు. డబ్బు లెక్కలు కొన్ని మామూలు అంకెల్లో కాక సియాక్ అనే కుదింపు గుర్తుల్లో ఉంటాయి. ఇప్పటి ఉర్దూ బాగా వచ్చినవాళ్లు కూడా షికస్తా దగ్గర తడబడతారు, కాబట్టి పాత దస్తావేజులు చదవడం అలవాటున్న పెద్ద మనిషినే పట్టుకోవాలి. మీకు నాలుగు మాటలు గుర్తుంటే చాలు, కాగితం దేని గురించో పట్టేయొచ్చు. రెండు పేర్ల మధ్య "వల్ద్" అని ఉంటే మొదటివాడు రెండోవాడి కొడుకు. "జౌజె" అంటే భార్య. "ముతబన్నా" అంటే దత్తపుత్రుడు. "సాకిన్" తర్వాత వచ్చేది ఉండే ఊరు. "ఫౌతీ" అని ఉంటే ఆ మనిషి అప్పటికి చనిపోయాడు. "ముంతఖబ్" అని పైన రాసి ఉంటే అది ఇనాం (సర్కారు ఇచ్చిన మాన్యం) విచారణ తేల్చిన కాగితం. దాన్ని జాగ్రత్తగా పక్కన పెట్టండి.

ముతబన్నా దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. ఉదాహరణకు రామయ్య అనే అబ్బాయి లచ్చయ్యకు పుట్టి, పిల్లల్లేని పెదనాన్న వెంకయ్యకు దత్తత వెళ్లాడనుకుందాం. ఒక కాగితంలో రామయ్య వల్ద్ లచ్చయ్య, ఇంకో కాగితంలో రామయ్య వల్ద్ వెంకయ్య. ఇద్దరు రామయ్యలున్నారని రెండు కొమ్మలు గీసేస్తారు. వతన్ పోకూడదని దత్తత తీసుకోవడం ఈ కుటుంబాల్లో మామూలే కాబట్టి, ఒకే పేరు ఇద్దరు తండ్రులతో కనిపిస్తే ముందు దత్తత అనుమానించండి.

తేదీల దగ్గర ఇంకా నిదానం కావాలి. నిజాం సర్కారు శిస్తు లెక్కలకు వాడిన ఫసలీ సంవత్సరం ఆజూర్ నెలతో, అంటే అక్టోబర్ మొదటి వారంలో, మొదలయ్యేది. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు పడే తేదీకి 590, జనవరి నుంచి సెప్టెంబర్ వరకు పడే తేదీకి 591 కలపండి. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫసలీది. 591 కలిపితే 1949, ఆగస్టులో వచ్చింది కాబట్టి సరిపోయింది. అదే కాగితం మీద ముద్రలో హిజ్రీ సంవత్సరం ఉంటే లెక్క తప్పుతుంది. ఫసలీ 1317 అంటే 1907-08, హిజ్రీ 1317 అంటే 1899-1900. ఎనిమిదేళ్ల తేడా. కొడుకు పుట్టకముందే పదవిలోకి వచ్చినట్టు మీ లెక్కలో తేలితే తప్పు ఇక్కడే జరిగి ఉంటుంది. ఉర్దూ అంకెల్లో ఏడు, ఎనిమిది ఒకదానికొకటి తలకిందులుగా ఉంటాయి. ఆ రెండూ రెండుసార్లు చూడండి.

తహసీల్ ఆఫీసులో

ఇప్పుడు పాత రికార్డు ఊళ్లో దొరకదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పోస్టులు ఆర్డినెన్స్‌తో రద్దు చేసింది. 2020లో తెలంగాణలో వీఆర్వోలూ పోయి, వాళ్ల దగ్గరి రికార్డులు తహసీల్ ఆఫీసులకు చేరాయి. కాబట్టి నేరుగా అక్కడికే వెళ్లాలి. భూమి పోర్టల్‌లో వెతికితే ఇవాళ్టి పట్టాదారు కనిపిస్తాడు తప్ప మీ ముత్తాత కనిపించడు.

అడగాల్సినవి మూడు. సర్వే, సెటిల్‌మెంటు నాటి సేత్వార్ (సర్వే నంబర్ల వారీ భూముల రిజిస్టరు); 1954-55 ఖాస్రా పహాణీ; 1955-58 చెస్సాల పహాణీ. పహాణీ అంటే ఏ భూమి ఎవరిది, ఎవరు సాగు చేస్తున్నారు అని రాసిన లెక్క. వీటిలో ఖాస్రా పహాణీ మీద ఎక్కువసేపు కూర్చోండి. పట్టాదారు పేరు ఒక గడిలో, భూమి నిజంగా ఎవరి కబ్జాలో ఉందో ఇంకో గడిలో ఉంటుంది. రక్షిత కౌలుదారు ఉంటే అదీ తెలుస్తుంది. పట్వారీ కుటుంబం పట్టా ఎంత, ఎవరెవరి భూమిలో వీళ్లు కబ్జాదారులుగా ఉన్నారు అన్నది ఊరి మొత్తం పహాణీ తిరగేస్తేనే అర్థమవుతుంది. మీ సర్వే నంబరు ఒక్కటే తీసుకుని బయటికి రాకండి. పటేల్, పట్వారీలకు ఎక్కువగా వసూలు మీద స్కేలు అనే నగదు వచ్చేది. సేత్ సింధి, నీరటి లాంటి వాళ్లకు బలూత ఇనాం (ఊరి పని చేసినందుకు ఇచ్చిన) భూములుండేవి. ఇనాం అని రాసి ఉన్న చోట ఎవరి పేరుందో చూస్తే ఊళ్లో ఎవరు ఏ పని చేసేవారో కూడా బయటపడుతుంది.

"రికార్డు లేదు" అని నోటిమాటగా చెబితే వెనక్కి రాకండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రాసే తీరు ఇలా ఉంటే చాలు:

"ఫలానా మండలం, ఫలానా గ్రామం, పాత తాలూకా ఇల్లెందు, పాత జిల్లా వరంగల్. ఈ గ్రామానికి సంబంధించిన సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ, 1955-58 చెస్సాల పహాణీల ధృవీకరించిన నకళ్లు ఇప్పించగలరు. ఈ రికార్డు మీ కార్యాలయంలో లేనట్లయితే, ఏ కార్యాలయంలో ఉందో తెలిపి, చట్టంలోని సెక్షన్ 6(3) ప్రకారం నా దరఖాస్తును అక్కడికి బదిలీ చేయగలరు."

ఆ చివరి వాక్యం వదిలేయకండి. అది లేకపోతే "మా దగ్గర లేదు" అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. దరఖాస్తు రుసుము పది రూపాయలకు మించదు, నకళ్లకు పేజీకి రెండు రూపాయలు, గడువు 30 రోజులు. జవాబు రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

1984లో పోస్టులు పోయినప్పుడు అప్పగించిన రికార్డుల చార్జి జాబితా మీ ఇంట్లోనే ఏ ట్రంకు పెట్టెలోనో ఉండొచ్చు. ఏమేం ఇచ్చారో అందులో ఉంటుంది. ఆ జాబితా జత చేస్తే ఆఫీసు వాళ్లు కాదనలేరు.

విరాసత్ ఫైళ్లు, వతన్ తగాదాలు, పై కచేరీలకు వెళ్లిన అర్జీల కోసం హైదరాబాద్ తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఆసఫ్‌జాహీ (నిజాం కాలపు) రికార్డు ఎక్కువగా అక్కడే. గుర్తింపు కార్డు, ఏం వెతుకుతున్నారో రాసిన లేఖ, ఇంతకుముందు చెప్పిన తాలూకా జిల్లా పట్టీ పట్టుకెళ్లండి. ఉర్దూ చదివే మనిషిని తోడు తీసుకెళ్తే సగం పని అయినట్టే. జరీదా అనే నిజాం సర్కారు గెజిట్ కూడా అడిగి చూడండి.

గని మింగిన ఊరైతే

బొగ్గు ప్రాంతం వాళ్లకు మిగతా తెలంగాణ వాళ్లకు లేని ఒక ఆధారం ఉంది. ఊరే లేకుండా పోయిన వాళ్లకు ఇది ఊరట అని అనలేను గానీ, కాగితం మాత్రం గొప్పది. గని కోసం, రైలు మార్గం కోసం, కాలనీ కోసం 1894 భూసేకరణ చట్టం కింద భూమి తీసుకున్న ప్రతిచోటా అవార్డు అనే పత్రం రాశారు. సర్వే నంబరు, విస్తీర్ణం, బావి, చెట్లు, ఇల్లు, వాటి విలువ, వాటాదార్లు ఎవరెవరు, ఎవరికెంత అన్నీ అందులో ఉంటాయి. చనిపోయిన పట్టాదారు వారసులను పేరు పేరునా రాస్తారు. పెళ్లయి వెళ్లిపోయిన ఆడపడుచు పేరు పహాణీలో ఉండదు, అవార్డులో ఉండే అవకాశం ఉంది.

పరిహారం చాలదని సెక్షన్ 18 కింద, పంపకం దగ్గర గొడవపడి సెక్షన్ 30 కింద కోర్టుకు వెళ్లిన కేసులైతే ఇంకా మంచివి. అన్నదమ్ములు కొట్లాడుకుంటేనే వంశవృక్షం కోర్టు ముందుకొస్తుంది. "నేను ఫలానా ఆయన రెండో భార్య కొడుకుని" అని ప్రమాణం చేసి చెప్పిన వాంగ్మూలం అక్కడ తప్ప ఎక్కడ దొరుకుతుంది? అవార్డు నకలు ఆర్డీవో లేదా భూసేకరణ ఆఫీసులో అడగండి. కోర్టు తీర్పు కావాలంటే జిల్లా కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో. కేసు నంబరు తెలియకపోతే అవార్డు ఫైల్లో వెనక పేజీలు చూడండి, రెఫరెన్స్ పంపిన సంగతి అక్కడే రాసి ఉంటుంది.

కాగితం లేని చోట

రెడ్ల ఇళ్లకు గోత్రాలు, ఇంటి పేర్లు, వంశం చెప్పే పిచ్చుకుంట్ల వాళ్లు, ఇప్పుడు వంశరాజులని పిలుస్తున్నారు, మీ ఊరి వైపు ఇంకా తిరుగుతుంటే వాళ్లను వినండి. కోయ ఊళ్లలో ఆ పని డోలీలది, గోండుల్లో పర్ధాన్లది. వాళ్లు చెప్పే వరసను సంవత్సరాలతో ముడిపెట్టకండి. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు అన్న దారి కోసం వినండి. కాశీ, గయ వెళ్లిన పెద్దలుంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) బహీలు, అంటే యాత్రికుల పేర్లు రాసిన పుస్తకాలు, కూడా చూడొచ్చు.

కొన్ని ఊళ్లలో ఎంత వెతికినా 1948కి ముందు కాగితం దొరకదు. సాయుధ పోరాటం రోజుల్లో పటేల్, పట్వారీల ఇళ్లలోని లెక్కలు, అప్పు పత్రాలు జనం తగలబెట్టారు. ఆ ఖాళీని ఏవో ఊహలతో పూడ్చకండి. కాగితాలు ఎందుకు తగలబడ్డాయన్నది కూడా మీ కుటుంబ చరిత్రే.

ఆదిలాబాద్ వైపు వాళ్లు మరీ జాగ్రత్తగా రాయాలి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ చనిపోయాక నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల పరిస్థితి చూడమంది. గోండుల భూములు బయటివాళ్ల పేరు మీదకు ఎలా వెళ్లాయో, అందులో పట్వారీల కలం ఎంత పని చేసిందో ఆయన రాసిపెట్టాడు. మీ పట్టా భూమి అలాంటి ఊళ్లో ఉంటే సేత్వార్‌లో పేరు, ఖాస్రా పహాణీలో పేరు పక్కపక్కన పెట్టి చూసి, ఏముంటే అది రాయండి. తాత మీద గౌరవం వేరు, చరిత్ర వేరు.

రాసేటప్పుడు

ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడిదో చిన్న అక్షరాల్లో రాయండి: "ఖాస్రా పహాణీ, ఫలానా సర్వే నంబరు" అనో, "మేనత్త చెప్పింది" అనో. రెండూ ఒకదానికొకటి పొసగకపోతే రెండూ ఉంచండి. వంశవృక్షంలో కోడళ్ల పుట్టింటి పేరు, ఊరు తప్పకుండా వేయండి. పక్క ఊరి పట్వారీ ఇంటితో వియ్యం ఉంటే ఆ రెండు ఊళ్ల ఫైళ్లు కలిపి చదవాలన్నమాట. బతికి ఉన్నవాళ్ల పుట్టిన తేదీలు, ఆధార్, ఇప్పటి భూముల వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

అసలు కాగితాలు అన్నదమ్ముల్లో ఎవరో ఒకరి దగ్గరే ఉండాలి, స్కాన్ కాపీలు మాత్రం అందరి దగ్గరా ఉండాలి. ఊరి లైబ్రరీకో, దగ్గర్లోని డిగ్రీ కాలేజీ హిస్టరీ లెక్చరర్‌కో ఒక సెట్టు ఇవ్వండి. మీరు చదవలేకపోయిన ఆ షికస్తా పేజీలు కూడా అందులో పెట్టండి.